మూడు గడుల్లోనూ మావయ్యే

మార్చి 3

చిటపటలాడే మా మేనకోడలు గారికి,

లిఫ్టుల మావయ్య ఏడో అంతస్తు పైన, మోటారు గదిలో, ఒక చేత్తో గ్రీజు గుడ్డ, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని రాస్తున్నాడు. కాగితం మీద నల్లమరకలుంటే అది నా సంతకం అనుకో.

నీ కవరు అందింది. లావుగా ఉందని, ఎవడైనా కుర్రాడి ఫోటో పంపావేమో అనుకుని మీ అత్తయ్య కంటపడకుండా చొక్కాలో దోపుకున్నా. తీరా చూస్తే ఒక ఉత్తరం, ఒక కాగితం. కాగితం పైన పెద్దక్షరాలతో ‘సేఫ్టీ ప్లాన్’. ఓర్నీ, ఇది మా లిఫ్టులో అతికించే రేకు కదా అనుకున్నా. మా రేకు మీదా ఇదే తంతు. కంగారు పడొద్దు, తలుపులు బలవంతంగా లాగొద్దు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. ఒక్కటే తేడా, ఎంతమంది ఎక్కొచ్చో నీ కాగితంలో లేదు. నీ రూమ్మేటు, ఆ గురకమ్మ ఎక్కితే ఇంకెవరూ పట్టరని నేనే రాసేస్తాలే.

నవ్వావా? నవ్వకపోతే పైకెళ్ళి మళ్ళీ చదువు.

డాక్టరమ్మ చెప్పిందని రాశావు చూడు, ‘ఈ ప్లాను నీ బీరువాలో పెట్టుకుంటే లాభం లేదు, నువ్వు నమ్మేవాళ్ళ చేతిలో ఉండాలి’ అని. ఆ నమ్మేవాళ్ళలో మొదటివాణ్ణి నేనేనని చూసి ఛాతీ పొంగి చొక్కా గుండీ ఊడింది. మీ అత్తయ్య తిట్టింది. ఏడో క్లాసులో బడికి దండం పెట్టి వచ్చేసినవాణ్ణి, ఇన్నాళ్ళలో నా చేతికి కాగితమిచ్చి ‘ఇది నీ దగ్గరుంచు’ అన్నది కరెంటు బిల్లు వాడొక్కడే. రెండోదానివి నువ్వు.

ఎవరికీ చెప్పను. మీ అత్తయ్యకి చెప్పను. మీ అమ్మకి అసలే చెప్పను. పోయినేడాది నువ్వు హాస్పిటల్లో ఉన్నప్పుడు మా అక్క వరండాలో కూర్చుని, అడిగిన ప్రతివాళ్ళకీ ‘కడుపునొప్పి’ అని చెప్పింది కదా. నేనూ ఆ కడుపునొప్పినే పట్టుకుంటా.

అన్నట్టు, మొన్న మీ హాస్టల్‌కి నీళ్ళ ఆఫీసు నుంచి ఫోనొచ్చిందా? ‘మీ ట్యాంకులో బల్లి పడిందట, అందరూ బకెట్లు పట్టుకుని కిందికి దిగండి’ అని? ఆఫీసరు గారి గొంతు ఎలా ఉంది? మీ వార్డెన్ మేడమ్ ‘అలాగే సార్, అలాగే సార్’ అంటుంటే నాకు నా మీదే ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

కళ్ళజోడు అద్దాలు అరగదీస్తూ వేళ్ళు అరగదీసుకోకు. వేళకి తిను.

మావయ్య
(ఏ వేళకైనా పలికే నంబరు)


మార్చి 9

మావయ్యా,

బకెట్టు పట్టుకుని కిందికి దిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకమ్మాయి తల నిండా సబ్బు నురగతో దిగింది. బల్లి అనగానే ఎవరి పనో నాకు తెలిసిపోయింది. తర్వాత వార్డెన్ మేడమ్ నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కున్నారు. ఇప్పుడు ఫోన్ పక్కన గోడ మీద నీ నంబరుంది. దాని కింద ‘ఆకతాయి, మాట్లాడొద్దు’ అనుంది. ‘అది మా మావయ్య నంబరండీ’ అని చెప్పలేక నోరు కట్టేసుకున్నాను.

నవ్వలేదని కాదు, నవ్వాను. కానీ ఆ కాగితం నవ్వులాట కాదు. నువ్వు గబగబా చదివి మడిచి పెట్టేసి ఉంటావు. ఇంకోసారి తియ్యి.

పై గడిలో ఉన్నది, నాకు మొదలయ్యేటప్పుడు ఎలా ఉంటుందో. తినకుండా తిన్నానని చెప్తాను. నా వస్తువులు ఒక్కొక్కటీ పంచిపెట్టేస్తాను. పోయినేడాది చెవిపోగులన్నీ చుట్టాల పిల్లలకి ఇచ్చేస్తే, ఎంత మంచి మనసో అని మెచ్చుకున్నారు, గుర్తుందా? అప్పటికే మొదలైపోయింది.

రెండో గడి, నా అంతట నేను చెయ్యగలిగినవి. ముఖం మీద చన్నీళ్ళు కొట్టుకోవడం, మనుషులున్న చోటికి వెళ్ళి కూర్చోవడం. మాత్రలు కూడా ఎక్కువ నా దగ్గర ఉండకుండా, షాపతను వారానికి సరిపడానే ఇస్తాడు.

ఆ కింద మూడు గడులు, ఎవరిని పిలవాలో. ఆ తర్వాత డాక్టరమ్మ నంబరు, హాస్పిటల్ నంబరు.

నోరు పెగలనప్పుడు నీకు ‘లిఫ్టు ఆగింది’ అని మెసేజ్ పెడతాను. వెంటనే ఫోన్ చెయ్యి. ఎందుకు, ఏమైంది అని అడక్కు. అడిగితే నేను ఇంకా లోపలికి పోతాను. నీకు తోచింది ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, అంతే. ఆ ఒక్క మాటతో మాత్రం తమాషా చెయ్యకు. నేనూ చెయ్యను.

హాస్టల్లో ఎవరికీ తెలియకూడదు. పాత హాస్టల్లో తెలిసినప్పుడు ‘ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకునిరామ్మా’ అని ముద్దుగా పంపించి, వారం తిరక్కుండా నా మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. ఇక్కడ కళ్ళజోళ్ళ షాపులో మా మాస్టరు ఇప్పుడిప్పుడే నన్ను కొత్త మెషిన్ మీద కూర్చోనిస్తున్నారు. ఇది పోతే నాకు ఇంకేం లేదు.

నీ మేనకోడలు


మార్చి 15

ప్రియమైన మేనకోడలికి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీరు పంపిన ప్లానును క్షుణ్ణముగా చదివితిని. విషయము మిక్కిలి ముఖ్యమైనదని గ్రహించితిని. ఇకపై హాస్యములాడను. మీ ఆరోగ్యము ఎట్లున్నది? ఆకలి అగుచున్నదా? నిద్ర పట్టుచున్నదా? చెవిపోగులు మీ వద్దనే ఉన్నవా? వెంటనే తెలియజేయగలరు.

ధైర్యముగా నుండవలెను.

ఇట్లు,
మీ మావయ్య


మార్చి 21

మావయ్యా,

అమ్మ ఫోన్ చేసింది. నేను పనిలో ఉన్నాను, మాస్టరు పక్కనే ఉన్నారు. ఎత్తగానే ఏడుపు. ‘నీకేం తక్కువ చేశామే? ఎందుకే నీకీ బుద్ధి? ఆ కాగితంలో వాడి పేరుంది, నా పేరెందుకు లేదే?’ అని. నేను చేతిలో అద్దం పట్టుకుని నిలబడ్డాను. అది ఎప్పుడు పగిలిందో నాకు తెలీదు.

ఎవరికీ చెప్పనన్నావు. ‘మీ అమ్మకి అసలే’ అన్నావు. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది, కావాలంటే చూపిస్తా.

ఇంకొకటి. ఆ ‘చదివితిని, గ్రహించితిని’ ఎవరు రాసిచ్చారు? కోర్టు నోటీసు అనుకున్నాను. నాకు జబ్బని తెలిసిన దగ్గర్నుంచీ అందరూ నా ముందు అడుగులో అడుగేసుకుంటూ, గాజు గ్లాసుతో మాట్లాడినట్టు మాట్లాడతారు. అలా మాట్లాడనివాడు ఒక్కడున్నాడనే నీ పేరు రాశాను. నీ గొంతు కూడా నేనే పాడుచేశానన్నమాట.

ఆ కాగితం వెనక్కి పంపించెయ్యి.


మార్చి 26

ఒసే చిటపటా,

ఆ ఉత్తరం మా కాంట్రాక్టర్ ఆఫీసు గుమస్తా రాసిచ్చాడు. ముఖ్యమైన విషయం, కాస్త పద్ధతిగా రాసివ్వు అన్నా. వాడు పద్ధతిగానే రాశాడు. ‘చెవిపోగులు ఎందుకండీ’ అని అడిగాడు కూడా. నోర్మూసుకుని రాయమన్నా.

నీ రెండో ఉత్తరం చదివాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదే. చెవిపోగులు పంచినప్పుడు ‘నాకేవి?’ అని నేనే రెండు చెవులూ పట్టుకుని నీ ముందు గంతులేశాను కదా. నవ్వించాననుకున్నా. అందుకే ఇక వెటకారం కట్టిపెడదామనుకున్నా. కట్టిపెట్టా. నాలుగు రోజులు మనిషిలా ఉన్నా. అదే కొంప ముంచింది.

మా అక్క ఇంటికొచ్చింది. వచ్చి కూర్చుంది, నేను ‘రా అక్కా, కూర్చో’ అన్నా. అంతే. మామూలుగా అయితే ఆవిడ చెప్పులు దాచెయ్యాలి, లేకపోతే కుర్చీ వెనక్కి లాగాలి. ఆవిడ నా ముఖం చూసి, మీ అత్తయ్య ముఖం చూసి, తెల్లబోయి ‘ఎవరు పోయార్రా?’ అంది. ఎవరూ పోలేదన్నా. ‘అబద్ధం. నువ్వు నా చెప్పులు దాచలేదు, ఎవరో పోయారు’ అని వణికిపోతోంది. ఆఖరికి ‘పిల్లకేమైందిరా’ అని నా కాలర్ పట్టుకుంది. ఏమీ కాలేదని చూపించడానికి కాగితం తీసి ఇచ్చా. నీకేమీ కాలేదనే దానికి రుజువుగా చూపించా, చూడు నా తెలివి!

నిన్ను అడక్కుండా ఇచ్చా. తప్పే. దాన్ని అటూ ఇటూ తిప్పి చెప్పను. కాగితం ఇందులోనే పెడుతున్నా.

కానీ పంపే ముందు ఒక మాట. నువ్వు రాసిన మూడు గడులు మళ్ళీ చూశా. మొదటి గడిలో మావయ్య. రెండో గడిలో మావయ్య ఇంటి ఫోన్. మూడో గడిలో మావయ్య పని ఫోన్. మీ అత్తయ్యకి ఫోనంటే చిరాకని ఆ ఇంటి ఫోను కూడా నా సంచిలోనే తిరుగుతుంది. అంటే మూడూ ఒకే సంచిలో ఉంటాయి. నేను లిఫ్టు గోతిలోకి దిగేటప్పుడు సంచి పైన పెట్టి దిగాలి, జేబులోంచి ఏది జారినా కింద ఉన్నవాడి బుర్ర పగులుతుంది. ఆ కాసేపూ నీ ప్లానులో ఒక్క మనిషీ లేడు.

లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే నేను ఊరి ఆ చివర నుంచి రావాలి. నేనొచ్చేదాకా తలుపు బయట నిలబడి ‘ఉన్నానండీ, వస్తున్నారండీ’ అని పలికేవాడు ఆ బిల్డింగు వాచ్‌మన్. నీకు తలుపు బయట ఎవరున్నారే? గురకమ్మకి చెప్పు. ఎవరికో ఒకరికి చెప్పు.

తిట్టుకో. కానీ జవాబు రాయి.

మావయ్య
(నంబరు అదే. తీసేసినా అదే.)


ఏప్రిల్ 2

మావయ్యా,

నేను లిఫ్టుని కాదు.

కోపం సగం పోయింది. చెప్పులు దాచలేదని అమ్మ వణికిపోయిందని చదివి నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు ఏడుపొచ్చింది. కాగితం మళ్ళీ నీకే పంపుతున్నాను. పెట్టుకో.

కానీ ఇక్కడ ఎవరికీ చెప్పను. రూమ్మేటుకి ఒక్కసారి చెప్తే, నేను స్నానానికెళ్ళి తలుపేసుకున్న ప్రతిసారీ తలుపు కొడుతుంది. వార్డెన్‌కి చెప్తే నా పెట్టె సర్దిస్తారు. ఇక మిగిలింది ఇక్కడ వంటచేసే పెద్దమ్మ. ఆవిడ నేను సరిగ్గా తినకపోతే కంచం లాక్కుని చూస్తుంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు, ఈ కాగితం చేతికిస్తే పోపుల డబ్బా కింద వేసుకుంటుంది.

అమ్మ పేరు వెయ్యమని మాత్రం అడక్కు. అమ్మ ‘ఎందుకు’ అనకుండా ఒక్క నిమిషం ఉండలేదు.

నాకు నువ్వు చాలు. నువ్వు ఎప్పుడూ గోతిలోనే ఉండవు కదా.

నీ మేనకోడలు


ఏప్రిల్ 13, ఆదివారం, బస్సులో

చిటపటా,

ఇది పోస్టులో వెయ్యను. నీ చేతికే ఇస్తా. చేతికే ఇస్తా.

ఆఫీసు బిల్డింగు కాబట్టి ఆదివారమే పని పెట్టుకున్నాం. గోతిలో ఉన్నా. పైకొచ్చి సంచి తీస్తే మూడు ఫోన్లలోనూ ఒకటే మాట. ‘లిఫ్టు ఆగింది.’ అది వచ్చి చాలాసేపైంది. చేశా. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశా. ఆ తర్వాత స్విచ్చాఫ్.

హాస్టల్‌కి చేశా. ఎవరో ఎత్తి, నంబరు చూసుకున్నారనుకుంటా, పెట్టేశారు. వాచ్‌మన్ ఫోన్ లాక్కుని దాన్నుంచి చేశా. మీ వార్డెన్ మేడమ్ ఎత్తింది. ‘నేను ఆ పిల్ల మావయ్యనండీ, ఒక్కసారి పైకెళ్ళి గదిలో చూడండి’ అన్నా. నా గొంతు ఆవిడ మర్చిపోలేదు. ‘ఈసారి ట్యాంకులో ఏం పడింది సార్?’ అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే తీసి పక్కన పెట్టినట్టున్నారు, ఇక మోగలేదు.

డాక్టరమ్మ ఎత్తలేదు. హాస్పిటల్ వాళ్ళు ఎత్తారు. ‘ఇప్పుడే ఎవరైనా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చోవాలి, ఒంటరిగా వదలకూడదు. దగ్గర్లో ఎవరున్నారు?’ అని అడిగారు. ఎవరూ లేరన్నా. మీ హాస్టల్ అడ్రసు చెప్పా, మేమూ ప్రయత్నం చేస్తామన్నారు. సంచి, రెండు ఫోన్లు వాచ్‌మన్ ముందు పడేసి ఒక్క ఫోనుతో పరిగెత్తా.

మా అక్కకి చెప్పా. నిన్ను అడక్కుండా మళ్ళీ చెప్పా. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. ‘నేనూ బయల్దేరుతున్నా’ అంది, అంతే.

నీకు చేస్తూనే ఉన్నా. స్విచ్చాఫ్ అని వచ్చినా చేస్తున్నా.

ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నావు కదా. మాట్లాడుతున్నా. విను. నా పక్క సీటాయన నిద్రపోయి నా భుజం మీద తల వాల్చాడు. చొంగ కారుస్తున్నాడు. మామూలుగా అయితే చెవిలో ఈల వేసి లేపేవాణ్ణి. ఇవాళ లేపబుద్ధి కాలేదు. పడుకోనీ. కండక్టర్ టికెట్ ఇస్తూ నా ముఖం మీద గ్రీజు చూసి ‘బస్సు కింద నుంచి వచ్చారా’ అన్నాడు. జోకు బాగానే వేశాడు. నవ్వడం మర్చిపోయా. ముందు సీట్లో చంటిది నన్నే చూస్తోంది, నేను నాలుక బయటపెడితే అదీ పెట్టింది. నువ్వు ఇంతే ఉండేదానివి. నువ్వూ పెట్టేదానివి.

ఇంకా రెండు ఊళ్ళు దాటాలి. ఈ డ్రైవరు ఎవడో పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు తోలుతున్నాడు.

తలుపు లాగకు. నేనొస్తున్నా. ఉన్నావా? ఉండు. ఉండు.


ఏప్రిల్ 22

మావయ్యా,

బస్సులో రాసిన కాగితం నా దిండు కింద ఉంది. అక్షరాలు గుంతల్లో పడి లేచినట్టున్నాయి. నువ్వున్న రెండు రోజులూ అడగలేదు కాబట్టి, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో ఇప్పుడు నేనే చెప్తాను.

హాస్టల్ ఖాళీ. రూమ్మేటు ఊరెళ్ళింది. మూడు నంబర్లకీ మెసేజ్ పెట్టి, మూడింటికీ చేశాను. మోగి మోగి ఆగిపోయాయి. నీ మీద కోపం రాలేదు మావయ్యా, అదే భయం. ‘సర్లే, అంతే కాబోలు’ అనిపించింది. చాలా నిమ్మళంగా అనిపించింది. ఆ నిమ్మళం నాకు తెలుసు, పోయినేడాది కూడా వచ్చింది.

అప్పుడు నా దగ్గరున్న ప్లాను కాపీ తీశాను. ‘మనుషులున్న చోటికి వెళ్ళి కూర్చో’ అని ఉంది, నా చేతిరాతే. నాకు వెళ్ళాలని లేదు. కానీ రాసింది నేనే కదా అని లేచాను. ఫోను చార్జి అడుగంటింది, పైనే వదిలేశాను. కాగితం మాత్రం చేతిలో ఉంది.

కింద వంటింట్లో పెద్దమ్మ ఒక్కతే ఉంది, వెల్లుల్లి ఒలుస్తూ. 

‘ఏంటే, ఆ ముఖమేంటి?’ అంది. 

‘ఏం లేదు పెద్దమ్మా.’ 

‘ఏం లేకపోతే ఆదివారం పూట వంటింట్లోకి ఎవరొస్తారు? కూర్చో. ఒలువు.’ 

కూర్చున్నాను. ఒక్క రెబ్బ కూడా పొట్టు ఊడి రావట్లేదు. మాట రాక కాగితం ఆవిడ ముందుకి తోశాను. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, ‘నాకు చదువొచ్చని ఎవరు చెప్పారే? నువ్వే చదువు’ అంది.

చదివాను. మొదటి గడి నుంచి, పైకి, గట్టిగా. డాక్టరమ్మ ముందు రాశాను గానీ ఎప్పుడూ పైకి చదవలేదు. తినకుండా తిన్నానంటాను అన్న చోట ఆవిడ ‘ఊఁ, తెలుసు’ అంది. మూడు గడుల దగ్గరికొచ్చాక చెయ్యి ఆపింది. 

‘ఎంతమంది మావయ్యలే నీకు?’ 

‘ఒక్కడే.’ 

‘ఒక్కడికి మూడు పీటలెందుకు? ఒకటి లాగి నాకు వెయ్యి.’ 

తర్వాత నా ముఖంలోకి చూసి సూటిగా అడిగింది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ 

ఇంతవరకూ ఎవరూ ఆ మాట అలా అడగలేదు. అవునన్నాను. ఆవిడ అరవలేదు. ‘సరే. ఇవాళ నా పక్క నుంచి కదలకు’ అని నా మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చుంది. మళ్ళీ వెల్లుల్లి ఒలవడం మొదలెట్టింది.

ఆవిడ ఫోన్ నుంచి డాక్టరమ్మకి చేశాం, రెండోసారికి దొరికారు, చాలాసేపు మాట్లాడారు. నీకూ చేశాం. ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. నువ్వు నాకు చేస్తూ ఉన్నావు!

చీకటిపడే వేళకి గేటు దగ్గర నీ అరుపు. ‘నేను ట్యాంకు వాణ్ణి కాదు మేడమ్, నిజం మావయ్యని!’ వార్డెన్ మేడమ్ నిన్ను వంటింటి దాకా తీసుకొచ్చారు, మనిద్దర్నీ చూసి, వెళ్ళి ఆ గోడ మీద రాతని చెంగుతో తుడిచారట. పెద్దమ్మ చెప్పింది.

నువ్వెళ్ళాక మేడమ్ పిలిచారు. పెట్టె సర్దుకోమంటారనుకున్నాను. ‘అలాంటి కాగితం ఉందట, నాకు ముందే ఎందుకివ్వలేదు?’ అన్నారు. పాత హాస్టల్ సంగతి చెప్పాను. డాక్టర్ ఉత్తరం ఒకటి తెమ్మన్నారు, ఉండమన్నారు. నేను ఆవిడకి సగం కాగితమే ఇచ్చాను. ఏం చెయ్యాలో ఉంది, నాకేం జరిగిందో లేదు. మిగతా సగం నాది, ఎవరికి చూపించాలో నేనే చెప్తాను. డాక్టరమ్మ కూడా అలాగే చెయ్యమన్నారు.

కొత్త కాగితం ఇందులో ఉంది. ఒకటి పెద్దమ్మ. రెండు రూమ్మేటు (చెప్పాను. ‘నేను గురకపెడితే లేపు, నువ్వు నిద్రపోకపోతే నన్ను లేపు’ అంది). మూడు అమ్మ. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఏమీ అడక్కుండా, నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచింది చూడు, అందుకు.

నాలుగు నువ్వు. ఏడవకు.

నీ మేనకోడలు


ఏప్రిల్ 30

మొదటి గడి నుంచి నాలుగో గడికి దించిన మేనకోడలికి,

పని చేస్తూ చేస్తూ ప్రమోషన్లు వచ్చినవాళ్ళని చూశా గానీ, ఇలా దింపేసినవాళ్ళని చూడలేదు. అది కూడా వెల్లుల్లి దెబ్బకి! మీ అత్తయ్యకి చెప్తే ‘మంచిపని చేసింది’ అంది. నువ్వు చెప్పొచ్చన్నావనే చెప్పా, రాసిపెట్టుకో.

మీ అమ్మ మా ఇంట్లో రోజూ సాధన చేస్తోంది. నేను నీలాగా ఫోన్ చేసి ‘అమ్మా, లిఫ్టు ఆగింది’ అంటా. నిజం ఫోన్లో కాదులే, చెంచా చెవి దగ్గర పెట్టుకుని. ఆ మాటతో తమాషా చెయ్యొద్దన్నావు, ఇది తమాషా కాదు, రిహార్సల్. మొదటిసారి ‘ఎందు’ దాకా వచ్చి నాలుక కరుచుకుంది. రెండోసారి ఊపిరి బిగబట్టి ‘నేనున్నా’ అంది. ‘తర్వాత ఏం మాట్లాడాల్రా’ అని నన్నడిగింది. నోటికొచ్చింది మాట్లాడక్కా, చెప్పుల్లో పిల్లి పిల్లల్ని పెట్టిన సంగతి చెప్పు అన్నా. ‘దానివల్ల ఏం లాభం?’ అంది. దానికి లాభం ఏంటో నాకూ తెలీదు. నువ్వు అడిగింది అది, ఇవ్వాల్సిందీ అదే.

సంచి ఇప్పుడు కూడా పైనే పెట్టి దిగుతున్నా. కానీ ఇదివరకు దిగేటప్పుడు గుండె సంచిలోనే ఉండేది. ఇప్పుడు కాస్త నాతో పాటు దిగుతోంది.

నాలుగో నంబరు


మే 18

మావయ్యా,

తేలికగా ఉందని అనను. రెండు రోజులు బాగుంటే ఒక రోజు లేవబుద్ధి కాదు. అలాంటి రోజు రూమ్మేటు నన్ను మంచం మీద నుంచి దుప్పటితో సహా లాగేస్తుంది. స్నానాల గది తలుపు మాత్రం ఇంతవరకూ కొట్టలేదు. నేను అనవసరంగా భయపడ్డాను.

అందరినీ, వార్డెన్ మేడమ్‌తో సహా, ఫోన్లో ఒక గ్రూపులో పెట్టాను. పెద్దమ్మకి రాయడం రాదు కాబట్టి మాటలు రికార్డు చేసి పంపుతుంది. ఫోను నోట్లో పెట్టుకుని అరుస్తుంది, జాగ్రత్త, చెవికి దూరంగా పెట్టుకుని విను.

నిన్న వార్డెన్ మేడమ్ నన్ను ఆపి ‘మీ ట్యాంకు ఆఫీసరు గారు కులాసాయేనా?’ అన్నారు. ముఖం గంభీరంగానే పెట్టి. నీకు పోటీ వచ్చారు.

మాస్టరు నా చేత మొదటి కళ్ళజోడు పూర్తిగా చేయించారు. నీకు చత్వారం వచ్చిందని ఒప్పుకుంటే రెండోది నీకే.

నీ మేనకోడలు


జూన్ 17

చిటపటా,

నాకు చత్వారం రాలేదు. అక్షరాలే ఈమధ్య చిన్నగా పుడుతున్నాయి. కళ్ళజోడు పంపు.

నిన్న సంగతి నాకు తెలుసని నీకు తెలుసు, అయినా రాస్తా. నేను గోతిలోనే ఉన్నా. కొత్త తాడు ఎక్కిస్తున్నాం, మధ్యలో వదలడానికి లేదు. పైకొచ్చి చేతులు తుడుచుకుని ఫోను తీస్తే పైన నీ మాట. ‘లిఫ్టు ఆగింది.’ నాకు మెట్లు కనపడలేదే. వేలితో కిందికి జరిపా.

మీ పెద్దమ్మ కేక. ‘వస్తన్నా, చేతులు తడి, తుడుచుకుని వస్తన్నా, తలుపు తీసే ఉంచు!’

గురకమ్మ. ‘మెట్ల మీద ఉన్నా.’

మీ మేడమ్. ‘ఆఫీసు గది తెరిచే ఉంది.’

తర్వాత మా అక్క. ‘నేనున్నా. ఏమీ అడగను. ఆ పిల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి మీ మావయ్య బూట్లో పెట్టింది. ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి ఏ రంగో చెప్పలేను, లైట్లు సరిగ్గా లేవు. ఇంకా చెప్తా ఉండు.’ చెప్తూనే ఉందే. పేజీలు పేజీలు చెప్పింది. ఎక్కడా ‘ఎందుకు’ లేదు. పిల్లి నా బూటునే ఎందుకు ఎంచుకుందో కూడా అడగలేదు.

అన్నిటికన్నా కింద నువ్వు. ‘బయటికొచ్చాను. డాక్టరమ్మతో మాట్లాడాను, రేపు రమ్మన్నారు, పెద్దమ్మ తోడొస్తోంది. మావయ్య గోతిలో ఉన్నట్టున్నాడు. పైకొచ్చాక ఎవరైనా ముందు మంచినీళ్ళివ్వండి.’

అది చదివి నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ‘ఏమైందండీ? ఎవరైనా ఇరుక్కున్నారా?’ 

‘ఇరుక్కున్నారు.’ 

‘అయ్యో, మరి దిగండి, తియ్యండి!’ 

‘వచ్చేశారయ్యా,’ అన్నా, ‘నేను చెయ్యి పెట్టకుండానే వచ్చేశారు.’ 

వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. నువ్వు చెప్పినట్టే.

బూటు ఖాళీ లేదు కాబట్టి ఇవాళ కూడా చెప్పులతోనే పనికొచ్చా. రాత్రికి ఫోన్ చేస్తా. ట్యాంకు ఆఫీసరు గొంతుతో చెయ్యను, నా గొంతుతోనే చేస్తా. అయినా ఎత్తు.

ఎప్పటికీ నాలుగో గడిలోనే ఉండాలని కోరుకుంటూ,
మావయ్య